ఇసుక జమాఖర్చు

విశాఖపట్నం రేవు ముఖద్వారం దగ్గర అప్పుడప్పుడు ఒక వింత ఓడ పనిచేస్తూ కనబడుతుంది. దాని పేరు డ్రెడ్జర్. అది ఒక లావుపాటి గొట్టాన్ని సముద్రం అడుగుకు దించి, నీటితో పాటు ఇసుకను పీల్చి కడుపు నింపుకుంటుంది. తరువాత కాస్త ఉత్తరంగా వచ్చి, ఆ ఇసుకనంతా మరో గొట్టం గుండా రామకృష్ణా బీచి వైపు ఒడ్డుకు చిమ్మేస్తుంది. కొత్తవాళ్ళు ఈ తంతు చూసి నవ్వుకుంటారు. సముద్రపు ఒడ్డున ఇసుకకు కరువా? ఇసుక తెచ్చి బీచిలో పొయ్యడం, నీళ్ళు తెచ్చి గోదావరిలో పొయ్యడం లాంటిది కాదూ?

కాదు. సముద్రతీరంలో ఇసుక నిలకడగా ఒకచోట ఉండే వస్తువు కాదు. అది ఎక్కడినుంచో వస్తుంది, కొంతకాలం మన కాళ్ళ కింద ఉంటుంది, మళ్ళీ ఎక్కడికో పోతుంది. కిరాణా దుకాణంలో చిట్టా పుస్తకం చూసే ఉంటారు. ఒక పక్క జమ, ఇంకొక పక్క ఖర్చు, చివర నిలవ. తీరానికి కూడా సరిగ్గా అలాంటి లెక్కే ఉంది. జమ, ఖర్చు సమంగా ఉన్నన్నాళ్ళే తీరం తీరంగా ఉంటుంది. ఖర్చు పెరిగినా, జమ తగ్గినా సముద్రం ముందుకు వస్తుంది. ఆ చిట్టాను ఒకసారి విప్పి చూద్దాం.

ఇసుక ఎక్కడ పుట్టింది?

విశాఖ చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల్లోవి. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయిని ఖొండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు తెగవారి పేరు మీదుగా 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని దీనికి ఈ పేరు పెట్టారు. ఈ రాయిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు కలిసి ఉంటాయి.

ఎండకు కాగి, వానకు తడిసి, చెట్ల వేళ్ళు చొచ్చుకుపోయి, ఎంత గట్టి రాయైనా వేల ఏళ్ళలో చివికిపోతుంది. ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్ను అవుతుంది. క్వార్ట్జ్ మాత్రం అంత సులభంగా లొంగదు. రాయి చివికినా ఆ గింజలు చెక్కుచెదరవు. మనం ఇసుక అనేది ముఖ్యంగా ఈ క్వార్ట్జ్ గింజలనే. వాగులు వాటిని ఏరుల్లోకి, ఏరులు నదుల్లోకి, నదులు సముద్రంలోకి చేరుస్తాయి. 1465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చే గోదావరి, దానికి దక్షిణాన కృష్ణ, ఉత్తరాన వంశధార, నాగావళి మన తీరానికి పెద్ద దాతలు. చిట్టాలో జమ పక్కన మొదటి పద్దు ఇదే: నదులు తెచ్చే మట్టి, ఇసుక.

ఇసుక నడక

నది ఇసుకను సముద్రంలో దింపి ఊరుకుంటుంది. అక్కడినుంచి దాన్ని మోసే కూలీలు కెరటాలు.

ఒడ్డున నిలబడి కెరటం రాకను శ్రద్ధగా గమనించండి. అది సాధారణంగా ఒడ్డుకు నిటారుగా రాదు, కొంచెం ఏటవాలుగా వస్తుంది. వస్తూ వస్తూ ఇసుక గింజల్ని కూడా ఏటవాలుగానే పైకి నెడుతుంది. వెనక్కి పోయే నీరు మాత్రం తిన్నగా పల్లానికి జారుతుంది. అంటే ఒక్కొక్క కెరటానికి ఒక్కొక్క గింజ వంకర టింకరగా నడిచి, ఒడ్డు వెంబడి ఒక చిన్న అడుగు పక్కకు వేస్తుంది. కెరటాలు రాత్రింబవళ్ళు ఆగవు కదా! అడుగు అడుగూ కలిసి, ఏడాది తిరిగేసరికి లక్షల ఘనపు మీటర్ల ఇసుక తీరం వెంట ప్రయాణం చేస్తుంది.

ఎటువైపు? మన ఆంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగి ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం వైపు నుంచి వచ్చే కెరటాలు ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొన్ని నెలలు కథ తిరగబడి ఇసుక దక్షిణానికి మరలుతుంది. మొదటిదానికి కాలమూ ఎక్కువ, బలమూ ఎక్కువ. అందువల్ల సంవత్సరం మొత్తం మీద గెలుపు ఉత్తరానిదే.

ఈ నడకకు సాక్ష్యం కాకినాడ దగ్గర ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకను కెరటాలు ఉత్తరానికి నెట్టి నెట్టి, సముద్రంలో ఒక పొడవైన ఇసుక దిబ్బను కట్టాయి. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఆ దిబ్బే హోప్ ఐలండ్. అది అలల తాకిడికి అడ్డంగా ఉండబట్టే దాని వెనుక కాకినాడ అఖాతం ప్రశాంతంగా ఉంటుంది, ఓడలకు నీడ దొరుకుతుంది. ఏ ఇంజనీరూ కట్టని అడ్డుగోడ అది!

సముద్రం చెరిగే చేట

వర్షాకాలం తరువాత విశాఖ, భీమునిపట్నం బీచిల్లో నడిస్తే తెల్లని ఇసుక మీద నల్లని చారలు కనిపిస్తాయి. నూనె తెట్టు అనుకునేరు! అవి బరువైన ఖనిజాలు.

అమ్మ చేటలో బియ్యం చెరగడం చూశారు కదా. తేలికైన పొట్టు ఎగిరిపోతుంది, బరువైన గింజ చేటలో మిగులుతుంది. సముద్రం కూడా అంతే. క్వార్ట్జ్ గింజ నీటికి 2.65 రెట్లు బరువు. ఎర్రని గార్నెట్ సుమారు 4 రెట్లు. నల్లని ఇల్మనైట్ సుమారు 4.7 రెట్లు. ముందుకు ఉరికే కెరటం అన్నిటినీ ఒడ్డుకు తెస్తుంది. వెనక్కి తగ్గే నీటికి అంత బలం ఉండదు కనుక తేలికైన క్వార్ట్జ్‌ను మాత్రమే తీసుకుపోతుంది. బరువు గింజలు ఒడ్డునే పరుచుకుంటాయి. వేల ఏళ్ళు ఇలా చెరిగితే అదే ఒక గని అవుతుంది.

ఈ నల్ల ఇసుక విలువ తక్కువది కాదు. ఇల్మనైట్‌లో టైటానియం ఉంది. విమానాల భాగాలకు వాడే తేలికైన, గట్టి లోహం అది. తమాషా ఏమిటంటే ఈ నల్లని గింజల నుంచి తీసే టైటానియం డయాక్సైడే గోడల రంగులకు, కాగితానికి తెల్లదనం ఇచ్చేది. గార్నెట్‌తో గరుకు కాగితం చేస్తారు. సిల్లిమనైట్ కొలిమి ఇటుకలకు పనికివస్తుంది. జిర్కాన్ నుంచి వచ్చే జిర్కోనియం లోహంతో అణు రియాక్టర్లలో ఇంధనాన్ని ఉంచే గొట్టాలు చేస్తారు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ పని అదే. మోనజైట్‌లో థోరియం, అరుదైన మృత్తికా మూలకాలు ఉంటాయి. భీమునిపట్నం, శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు ప్రాంతాల తీరపు ఇసుకలో ఈ ఖనిజాలున్నట్టు మన భూవిజ్ఞానులు కనుగొన్నారు. ఇదే తూర్పు తీరం మీద, ఒడిశాలోని ఛత్రపురం వద్ద ప్రభుత్వ సంస్థ ఒకటి ఇలాంటి ఇసుకను తవ్వి ఖనిజాలను వేరు చేస్తోంది.

అయితే ఒక మాట. ఖనిజాలను ఏరుకున్న తరువాత మిగిలే తెల్ల ఇసుకను తిరిగి అక్కడే పరిచి, దిబ్బలు కట్టి, చెట్లు నాటాలి. ఎందుకంటే తుఫాను వచ్చినప్పుడు ఊరికి ముందు నిలిచే గోడ ఆ దిబ్బే. అది తీరానికి ఉన్న నిలవ సొమ్ము.

నీటి అడుగున ఏముంది?

బీచి నీటి అంచుతో ఆగిపోదు. అదే ఇసుక నేల నీటి కింద నెమ్మదిగా వాలుతూ కొన్ని పదుల కిలోమీటర్లు సాగుతుంది. దీన్నే ఖండతీరపు అంచు అంటాం. సుమారు 200 మీటర్ల లోతు దగ్గర అది తెగి, నేల ఒక్కసారిగా పల్లానికి దిగుతుంది. అది ఖండతీరపు వాలు.

కంటికి కనిపించని ఈ నేలను ఎలా చూస్తారు? పూర్వం తాడుకు సీసపు గుండు కట్టి వదిలేవారు. గుండు అడుగు తాకగానే తాడు పొడవు కొలిచేవారు. ఇప్పుడు ఆ పని శబ్దం చేస్తుంది. ఓడ కింద నుంచి పంపిన శబ్దం అడుగుకు తగిలి తిరిగి వస్తుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. ఒకచోట 0.2 సెకనులో ప్రతిధ్వని వచ్చిందనుకోండి. ఆ కాలంలో శబ్దం నడిచినది 300 మీటర్లు. అందులో సగం పోవడం, సగం రావడం. కనుక లోతు 150 మీటర్లు! ఓడ నడుస్తూ ఇలా నిరంతరం శబ్దాలు పంపితే అడుగు నేల ఎత్తుపల్లాలు గీతలా కాగితం మీద పడతాయి.

లోతు తెలిస్తే చాలదు, మట్టి కూడా కావాలి. అందుకు రెండు దవడలున్న ఉక్కు తొట్టిని దించుతారు. అడుగు తాకగానే దవడలు మూసుకుని గుప్పెడు నేలను పట్టుకువస్తాయి. ఇంకా లోపలి పొరలు కావాలంటే పొడవాటి గొట్టాన్ని బలంగా దిగేస్తారు. బొప్పాయి పండులోకి గొట్టం గుచ్చి తీసినట్లు, పైన కొత్త పొర, కింద పాత పొర వరసగా బయటికి వస్తాయి.

మన తీరంలో ఈ పని శ్రద్ధగా మొదలుపెట్టినది ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ అక్కడికి ఆచార్యుడిగా వచ్చారు. భూవిజ్ఞాన శాఖకు అప్పటి ఆచార్యుడు సి. మహదేవన్. విద్యార్థులు, అధ్యాపకులు భారత నౌకాదళపు ఓడల సాయంతో బంగాళాఖాతాన్ని కొలిచారు. బీచి ఏ నెలలో ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో లెక్కలు కట్టారు. ఆ తరువాత, 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. దానికి విశాఖలో ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఈ పరిశోధనల్లో ఒక విశేషం బయటపడింది. ఖండతీరపు అంచు వెలుపలి భాగంలో, నేటి ఒడ్డుకు చాలా దూరంలో, సున్నపు పొరలు చుట్టుకున్న గుండ్రని ఇసుక గింజలు దొరికాయి. ఇలాంటి గింజలు లోతు నీటిలో పుట్టవు. వెచ్చని, లోతు తక్కువ నీటిలో, అలలు అటూ ఇటూ దొర్లిస్తేనే పుడతాయి. మరి అంత లోతుకు ఎలా చేరాయి? గింజలు చేరలేదు, సముద్రమే వాటి మీదికి వచ్చింది! సుమారు 20,000 ఏళ్ళ క్రితం భూమి మీద నీరు ఇప్పటికంటే చాలా ఎక్కువగా నేల మీద మంచుగా గడ్డకట్టి ఉండేది. అప్పుడు సముద్ర మట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కింద ఉండేది. మంచు కరిగిన కొద్దీ సముద్రం పైకి వచ్చి ఆనాటి ఒడ్డును ముంచేసింది. అంటే ఈ ఇసుక పూర్వకాలపు నిలవ. దానికి ఇప్పుడు కొత్త జమ లేదు. తోడితే మళ్ళీ నిండదు. భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు కూడా సముద్రం, గాలి కలిసి పాత కాలంలో పేర్చిన నిలవే. గింజల మీద ఇనుప తుప్పు పూత పట్టడం వల్ల వాటికి ఆ ఎరుపు.

ఇక ఖర్చు సంగతి. ఖండతీరపు వాలులో నీటి కింద లోతైన లోయలు ఉన్నాయి. 1964లో ప్రచురించిన ఒక వ్యాసంలో లాఫాండ్ మన తీరం ఎదుట ఉన్న మూడు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఇలాంటి లోయలు దొరికినచోట మట్టి, ఇసుక వాటి గుండా అగాధంలోకి జారిపోతాయి. అలా పోయింది తిరిగి ఒడ్డుకు రాదు. అది పూర్తి ఖర్చు.

అడుగున బతికేవారు

సముద్రపు అడుగు అంటే ఉత్త మట్టి కాదు, అదొక పెద్ద ఊరు. ఇసుక నేలలో ఆల్చిప్పలు, పురుగులు, పీతలు బొరియలు చేసుకుని నీటిలోంచి వచ్చే ఆహారాన్ని వడకట్టుకు తింటాయి. వాటిని తినడానికి చేపలు వస్తాయి. నదీ ముఖాల దగ్గరి మెత్తని బురద రొయ్యలకు ఇష్టం. కోరింగ మడ అడవుల వేళ్ళ మధ్య రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరిగి పెద్దవై సముద్రంలోకి పోతాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, గుడ్లు పెట్టడానికి మన ఇసుక ఒడ్డుకే వస్తాయి.

ఎవరికి ఏ నేల కావాలో ఆ నేలే కావాలి. ఇసుక పోయి బురద వచ్చినా, బురద పోయి ఇసుక వచ్చినా ఆ ఊరి జనం మారిపోతారు. జాలరి వలలో పడే చేప కూడా మారిపోతుంది. అందుకే ఇసుక లెక్కలో తేడా వస్తే చేపల లెక్కలోనూ తేడా వస్తుంది.

దారికి అడ్డం పడితే

ఇప్పుడు మళ్ళీ డ్రెడ్జర్ దగ్గరికి వద్దాం. ఓడలకు ప్రశాంతమైన రేవు కావాలంటే సముద్రంలోకి రాతి అడ్డుకట్టలు కట్టాలి. అవి కెరటాలను ఆపుతాయి, మంచిదే. కానీ వాటితో పాటు నడిచే ఇసుకను కూడా ఆపేస్తాయి. దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. ఉత్తరాన ఒడ్డుకు రావలసిన ఇసుక రాదు. అక్కడి కెరటాలు మాత్రం తమ పని మానవు. ఉన్న ఇసుకను నెట్టుకుపోతూనే ఉంటాయి. జమ ఆగింది, ఖర్చు ఆగలేదు!

మద్రాసులో 1870లలో రేవు కట్టడం మొదలుపెట్టాక సరిగ్గా ఇదే జరిగింది. దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా బీచి విశాలమైంది. ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. ఒకరికి బీచి వచ్చింది, మరొకరికి ఇల్లు పోయింది.

విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. దక్షిణం నుంచి నడిచివచ్చే ఇసుక కాలువను పూడ్చకుండా జేనస్, విల్లింగ్‌డేల్ అనే రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి అడ్డుకట్టగా చేశారు. 1976లో వెలుపలి రేవు వచ్చింది. ఇక్కడి ఇంజనీర్లు మద్రాసు పాఠం మరచిపోలేదు. అడ్డుకట్ట దగ్గర ఇసుక చేరడానికి సముద్రం అడుగున ఒక గుంట ఏర్పాటు చేశారు. అక్కడ చేరిన ఇసుకను తోడి, ఉత్తరాన ఒడ్డుకు చేరవేస్తారు. కెరటాలు చేయవలసిన పనిని డ్రెడ్జర్ చేస్తోందన్నమాట. ఈ పని వెనుకబడితే బీచి వెంటనే చెబుతుంది. పెద్ద తుఫాను వస్తే ఇంకా గట్టిగా చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖ వాసులు ఆ సంగతి కళ్ళారా చూశారు.

జమే తగ్గిపోతే?

రేవు ఆపిన ఇసుకను డ్రెడ్జర్ దాటించగలదు. అసలు నదే ఇసుక తేకపోతే? ఇది ఇంకా పెద్ద చిక్కు.

ఆనకట్టలు మనకు అన్నం పెట్టాయి, దీపం పెట్టాయి. అందులో సందేహం లేదు. కానీ జలాశయంలో నీరు నిలిచినప్పుడు మట్టి కూడా అడుగున నిలిచిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్క చూడండి. గోదావరి నీటిలో తేలుతూ వచ్చే మట్టి 1970–79 కాలంలో ఏటా 15 కోట్ల టన్నులు. 2000–2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు దిగింది. కృష్ణ సంగతి మరీ కష్టం. 1966–69లో 90 లక్షల టన్నులు ఉన్నది, 2000–2005 నాటికి 4 లక్షల టన్నులయింది. ఫలితం? 336 కిలోమీటర్ల పొడవున్న కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో 1965 నుంచి 2008 వరకు, 43 ఏళ్ళలో, నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయింది. దీనికి తోడు భూగోళం వేడెక్కి సముద్ర మట్టం కూడా పెరుగుతోంది.

అంకెల వెనుక మనుషులున్నారు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ ఉంది. జాందానీ చీరలు నేసే ఊరు. అక్కడ సముద్రం ఏళ్ళ తరబడి ఇళ్ళను, రోడ్డును కోసుకుపోతోంది. రాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద సంచులు అడ్డం వేశారు. తుఫానులు వాటినీ దెబ్బతీశాయి. గోడ కట్టడం తప్పు కాదు. కానీ గోడ ఖర్చును కాస్త ఆపుతుందే తప్ప జమను పెంచలేదు. పైగా దాని పక్కన ఉన్న ఊరికి ఇసుక రాక తగ్గవచ్చు. అందుకే ఒక్క ఊరి తీరాన్ని విడిగా చూడకూడదు. కొండ, నది, ఆనకట్ట, డెల్టా, రేవు, సముద్రపు అడుగు అన్నీ ఒకే చిట్టాలోని పద్దులు.

మీరే చేసి చూడండి

1. ఒక పొడవాటి గాజు సీసాలో పిడికెడు మట్టి వేసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు దిగుతుంది. బంకమన్ను రాత్రంతా తేలుతూనే ఉంటుంది. ఇసుక ఒడ్డు దగ్గరే ఎందుకు ఆగుతుందో, బురద దూరంగా ఎందుకు పోతుందో దీనివల్ల తెలుస్తుంది.

2. బీచి ఇసుక దొరికితే గుప్పెడు పళ్ళెంలో వేసి నీళ్ళు పోసి, పళ్ళెం వంచి మెల్లగా అటూ ఇటూ ఆడించండి. తెల్ల గింజలు కిందికి జారి, నల్ల గింజలు వెనుక మిగులుతాయి. వాటిని ఎండబెట్టి, కాగితంలో చుట్టిన అయస్కాంతం దగ్గరకు తెండి. కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. అంటుకున్నవి మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం గింజలు. కర్మాగారాల్లో ఇంతకంటే బలమైన అయస్కాంతాలతో ఇల్మనైట్‌ను కూడా ఇలాగే వేరు చేస్తారు.

3. సముద్రతీరంలో ఉండేవారు మరో పని చేయవచ్చు. ఒడ్డున కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. కొబ్బరిచెట్టు కావచ్చు, గుడి గోడ కావచ్చు. అక్కడినుంచి పోటు గరిష్ఠంగా వచ్చిన గీత వరకు దూరాన్ని నెలకొకసారి అడుగులతో కొలిచి పుస్తకంలో రాయండి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి ఇసుక జమాఖర్చు మీ చేతిలో ఉంటుంది. 1950లలో విశాఖ బీచిలో విద్యార్థులు మొదలుపెట్టినది కూడా ఇలాంటి పనే.

సముద్ర సంపద అనగానే మనకు చేపలు, ముత్యాలు, చమురు గుర్తుకు వస్తాయి. కాలి కింది ఇసుకను ఎవరూ సంపద అనుకోరు. అది ఉన్నన్నాళ్ళూ దాని విలువ తెలియదు. ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని లెక్క రాసుకున్నవారికే ఎంత తీసుకోవచ్చో తెలుస్తుంది.